సున్నం గీతకి ఇవతల

1954 ఫిబ్రవరి 9

లీగు సమావేశం నుంచి ఇప్పుడే వచ్చాను. కోటు కూడా విప్పలేదు.

లీగు అధ్యక్షుడయ్యాక ప్రూయిట్‌కి ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాకుండా టై ముడివైపు చూస్తూ మాట్లాడే అలవాటు వచ్చింది. నాకు టై లేదు కాబట్టి నా టోపీకి చెప్పాడు. "ఎనిమిది జట్లలో మీరు ఎప్పుడూ అడుగునే, హుల్డా గారూ. ఈ ఏడాది పై నాలుగింట్లో ఉండండి. లేకపోతే మీ జట్టుని హార్మన్ సిటీకి ఇచ్చేస్తాం. వాళ్ళు కొత్త మైదానం కట్టుకుని కూర్చున్నారు."

మిగతా ఓనర్లందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. డెల్‌రోజ్ జట్టు ఓనరు ఇంకో అడుగు ముందుకేశాడు. "మీరు ఊరగాయలు బాగా పెడతారమ్మా. అవి పెట్టుకోండి, బేస్‌బాల్ మాకొదిలేయండి." ఆ మాట అంటున్నప్పుడు అతని చేతిలో ఉన్నది మా ఫ్యాక్టరీ దోసకాయ ముక్కే.

మా ఆయన ఆల్బర్ట్ పోతూ పోతూ దోసకాయల ఫ్యాక్టరీనీ, ఈ కొంగల జట్టునీ నా నెత్తిన పెట్టి పోయాడు. జట్టుకి కొంగల పేరు ఎవరు పెట్టారో గానీ, ఇన్నాళ్ళూ ఒంటి కాలి మీద నిలబడి నిద్రపోవడం తప్ప ఏమీ చేయలేదు. ఫ్యాక్టరీ మూతపడుతుందన్నారు, పడలేదు. ఇదీ అంతే. జట్టు మా ఓర్విన్ ఊరు దాటదు.

ఫిబ్రవరి 22

కొత్త మేనేజరు దొరికాడు. ఎన్నిస్ టాలివర్, కెంటకీ మనిషి. ఒకప్పుడు బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్. మూడు ఊళ్ళు ఇతన్ని తీసేశాయి, మూడు చోట్లా ఓనర్లతో పోట్లాటే. అది విన్నాకే పిలిపించాను.

రాగానే కాఫీ కూడా తాగకుండా మైదానం చూపించమన్నాడు. మోకాలి లోతు మంచు. అందులోనే నడుచుకుంటూ సెంటర్ ఫీల్డ్ చివర కంచెదాకా వెళ్ళి, చెక్కని గుప్పిటతో కొట్టి, తిరిగొచ్చాడు.

"ఇంత పెద్ద మైదానం ఎవరు కట్టారండీ?"

"సంతలో గుర్రప్పందేలకి కట్టారు. తర్వాత మాకొచ్చింది."

"మీ పాత మేనేజర్లలో ఒక్కడైనా ఆ కంచెదాకా నడిచాడా?"

నాకు గుర్తులేదు.

"నడవలేదు. నడిచుంటే కంచె దాటించి హోమ్ రన్‌లు కొట్టేవాళ్ళ కోసం దేశమంతా గాలించరు. ఆ కంచెని ఎవడూ దాటించలేడు. ఇక్కడ కావలసింది పరిగెత్తేవాళ్ళు. ఎదుటివాడు బంతిని ఎంత పైకి లేపినా కిందకెళ్ళి నిలబడి పట్టుకునేవాళ్ళు. మైదానం మీకు ముందే సగం జట్టుని ఇచ్చింది, మీరే చూసుకోలేదు."

తర్వాత బూటు మడమతో మంచులో ఒక గీత గీశాడు. "ఇది మైదానం అంచున వేసే సున్నం గీత అనుకోండి. గీతకి అటు టిక్కెట్లు, కుర్చీలు, సాసేజీలు, బ్యాండు మేళం, అన్నీ మీవి. నేను వేలు పెట్టను. ఇటు ఎవడు ఆడాలి, ఎవడు బెంచీ మీద కూర్చోవాలి, అది నాది. మీరు కాలు పెట్టకూడదు."

"జట్టులో మా అబ్బాయి ఉన్నాడు, తెలుసా?"

"తెలుసు. అందుకే గీశాను."

చెయ్యి కలిపాను. క్యాచర్‌గా దెబ్బలు తిని వంకర్లు పోయిన వేళ్ళు. అల్లం కొమ్ము పట్టుకున్నట్టుంది.

మార్చి 14

మా అబ్బాయి లాయిడ్ వ్యాయామం మొదలుపెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళంటే ఈ రోజుల్లో ఏం వయసు? ఈ ఊరి జనం ఇప్పటికీ వాడి హోమ్ రన్‌ల గురించి మంగలి షాపులో చెప్పుకుంటారు. మోకాలు బాగానే ఉంది.

ఏప్రిల్ 19

టాలివర్ మనుషుల్ని పోగేస్తున్నాడు. చూస్తుంటే వీళ్ళతోనా గెలిచేది అనిపిస్తోంది.

వెండెల్ క్రప్ అని ఒక పిచర్. బొజ్జ, బట్టతల. అతను విసిరే బంతి ఎంత నెమ్మదిగా వస్తుందంటే మధ్యలో ఎక్కడో ఆగి దారి అడుగుతోందేమో అనిపిస్తుంది. "ఇతని బంతిని నేను కూడా కొడతాను" అన్నాను. "కొట్టండి. అందరూ కొట్టాలనే తెచ్చాను. అతని బంతి కొడితే పైకే లేస్తుంది. పైకి లేచింది మన పెద్ద మైదానంలో ఎవడి చేతిలోనో పడుతుంది" అన్నాడు టాలివర్.

ఆ పట్టుకునేవాడు ఎవేలియో. క్యూబా నుంచి వచ్చాడు. అంత దూరం ఒక్క అడుగు వృథా చేయకుండా పరిగెత్తేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. గది ఇస్తానని మాటిచ్చిన ఇల్లుగలావిడ అతని రంగు చూసి గది ఖాళీ లేదంది. ఒళ్ళు మండిపోయింది. మా మేడమీది గది ఇచ్చాను. మొదటిరోజు భోజనంలో మన దోసకాయ ఊరగాయ కొరికి, మర్యాదగా నమిలి, "అమ్మగారూ, దీనికి ఏం జబ్బు చేసింది?" అన్నాడు. లాయిడ్ పడీ పడీ నవ్వాడు.

మే 16

వరసగా ఐదు గెలిచాం. మంగలి షాపులో టాలివర్‌కి ఊరికే గడ్డం గీశారట.

మే 30

నాలుగో స్థానం. ప్రూయిట్ ఫోన్ చేసి అభినందించాడు. గొంతులో చేదు మింగుతున్నట్టుంది, నాకు మాత్రం తియ్యగా వినపడింది.

లాయిడ్ కొట్టినవన్నీ ఎక్కడో దూరాన ఎవడో ఒకడు పట్టేస్తున్నాడు. దురదృష్టం, అంతే. మోకాలు బాగానే ఉంది.

జూన్ 11

టాలివర్ లాయిడ్‌ని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

ఫస్ట్ బేస్ దగ్గర ఇప్పుడు ఒక పొడుగాటి కుర్రాడు. అది టాలివర్ వైపు సంగతి. గీత గీతే. రాత్రి భోజనాల దగ్గర ముగ్గురం బఠానీల గురించి మాట్లాడుకున్నాం. ఈ ఏడాది బఠానీలు బాగున్నాయి. లాయిడ్ పొద్దున్నే మెట్లు దిగుతూ ఈల వేస్తాడు, చిన్నప్పటి నుంచీ. ఇవాళ వేయలేదు. గొంతు బాగాలేదేమో.

జూన్ 19

మైదానంలో సెంటర్ ఫీల్డ్ వైపు అంత స్థలం ఊరికే పడి ఉంది. పాత కంచెకి బాగా ముందుగా ఇంకో తీగ కంచె కట్టిస్తే, మధ్యలో బల్లలు వేయొచ్చు. కుటుంబాలతో వచ్చినవాళ్ళు సాసేజీలు తింటూ ఆట చూస్తారు. జనం చాలా రోజులుగా అడుగుతున్నారు. ఎవరు అడిగారో పేర్లు గుర్తులేవు.

కంచె ఆట కాదు, ఆస్తి. ఆస్తి నాది. బల్లలూ సాసేజీలూ నావేనని టాలివరే అన్నాడు.

జూన్ 27

జట్టు పై ఊళ్ళు తిరుగుతుండగా పని పూర్తయింది. ప్రూయిట్ వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకంత తేలిగ్గా ఒప్పుకున్నాడో నేను అడగలేదు.

టాలివర్ బస్సు దిగి కొత్త కంచెని చూశాడు. పొగాకు నములుతూ వెళ్ళి తీగని ఒకసారి లాగి వదిలాడు. అరుస్తాడనుకుని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"కంచె మీ ఆస్తేనండీ, ఓనరమ్మా. కానీ బంతికి ఆ సంగతి తెలీదుగా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

జూన్ 29

లాయిడ్ హోమ్ రన్!

టాలివరే ఆడించాడు. నేను అడగలేదు. "కంచె దగ్గరికొస్తే ఆడించాల్సింది మీ వాణ్ణే. మీరే జట్టు మార్చేశారు" అన్నాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో. బంతి తీగ మీదుగా వెళ్ళి కొత్త బల్ల మీద పడింది. ఊరంతా లేచి నిలబడింది. నా చేతులు ఇంకా మండుతున్నాయి చప్పట్లకి. టిక్కెట్ల కోసమే చేసినా, వాడు కొడితే సంతోషంగా ఉండదా?

జులై 4

డెల్‌రోజ్ వాళ్ళు వచ్చారు. క్రప్ విసిరిన బంతులు ఎప్పటిలాగే పైకి లేచాయి. ఎవేలియో ఎప్పటిలాగే కిందకి పరిగెత్తాడు. తీగకి తగిలి ఆగిపోయాడు. బంతి అవతల పడింది. మళ్ళీ పడింది. మళ్ళీ.

ఓడిపోయాం.

జులై 11

ఓడిపోయాం. లాయిడ్ ఒకటి కొట్టాడు. వాళ్ళు నాలుగు కొట్టారు.

జులై 15

డెల్‌రోజ్‌లో ఆట. వాళ్ళ జనం ఊరగాయ ముక్కలు మైదానంలోకి విసిరారు. "కొంగలు కాదురా, కుళ్ళిన దోసకాయలు!" క్రప్ టోపీ మీద ఒక ముక్క పడితే, తీసి, వాసన చూసి, "మనది కాదు" అని పారేశాడు. అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు. ఆరో స్థానానికి జారాం.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. పిచర్లు అలిసిపోయారు. అదే కారణం.

జులై 20

టాలివర్ నా ఆఫీసుకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. గడప దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రండి."

"నేను గీత దాటను. ఇక్కణ్ణుంచే చెప్తా. వారం చూసి వెళ్ళిపోతున్నా. ఇంకొకణ్ణి చూసుకోండి."

"ఓడిపోతున్నామని పారిపోతారా?"

"ఓడిపోవడం నాకు కొత్తా?" ఒంటి కాలి మీద లేచాడు. "మీరు నా దగ్గరికొచ్చి, 'ఏవయ్యా, మా వాణ్ణి ఆడించు' అని మొహాన అనుంటే నేను నాలుగు తిట్టేవాణ్ణి, మీరు ఎనిమిది తిట్టేవారు, అక్కడితో అయిపోయేది. మీరు గీత దాటలేదు. కంచెనే నా మీదకి నడిపించారు."

"అది బల్లల కోసం."

"ఆ బల్లల మీద ఒక్కరు కూర్చున్నారా, ఓనరమ్మా?"

వెళ్ళిపోయాడు. పొగరుబోతు. మూడు ఊళ్ళు ఊరికే తీసేశాయా?

జులై 21

ఎవరూ కూర్చోలేదు. బంతులు వచ్చి నెత్తిన పడుతుంటే ఎవరు కూర్చుంటారు?

జులై 22

పొద్దున్న ఎవేలియో త్వరగా వెళ్ళిపోయాడు. లాయిడ్, నేను మాత్రమే ఉన్నాం. గుడ్లు వేయించి పెట్టాను. ముట్టుకోలేదు.

"అమ్మా, ఆ కంచె నాకోసమేగా?"

"టిక్కెట్ల కోసం."

"అమ్మా."

నేను పెనం తోముతూ ఉండిపోయాను. తోమిన పెనాన్నే మళ్ళీ తోముతున్నాను.

"ఆ రోజు హోమ్ రన్ కొట్టాక నువ్వు చప్పట్లు కొడుతుంటే నేను బేస్‌ల చుట్టూ పరిగెడుతూ వాళ్ళ సెంటర్ ఫీల్డర్ని చూశాను. నవ్వుతున్నాడమ్మా. పాత కంచె ఉంటే అది జేబులో చెయ్యి పెట్టుకుని పట్టుకునే క్యాచ్. వాడికి తెలుసు, నాకు తెలుసు, టాలివర్‌కి తెలుసు. స్టేడియం మొత్తంలో నీకొక్కదానికే తెలీదు."

"మోకాలు బాగానే ఉందన్నావుగా."

"నేనెప్పుడన్నాను? నువ్వే అనుకున్నావు. నేను మెట్లు దిగుతుంటే ఆ చప్పుడు నీకు వినపడదూ?"

వినపడుతుంది. రెండేళ్ళుగా రోజూ వినపడుతోంది. వంటగదిలో నిలబడి, ఆ చప్పుడు మొదలవగానే కావాలని కుళాయి తిప్పుతున్నాను. ఇంతకాలం ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను, ఇది నేను తప్ప ఎవరూ చదవరని తెలిసి కూడా.

ఏడ్చాను. వాడు లేచి వచ్చి కుళాయి కట్టేశాడు.

జులై 23

ప్రూయిట్‌కి ఫోన్ చేశాను.

"కంచెని మళ్ళీ వెనక్కి జరుపుతాం."

"మళ్ళీనా? ఇదేమన్నా కిటికీ తెరా, హుల్డా గారూ, పొద్దున్న లాగి సాయంత్రం తీయడానికి? మిగతా జట్లకి ఏమని చెప్పమంటారు?"

"ఓర్విన్ ఓనరు తప్పు చేసిందని చెప్పండి."

అటు వైపు కుర్చీ కిర్రుమంది. టై ముడి కోసం వెతుక్కుంటున్నాడేమో. చివరికి సరేనన్నాడు.

మధ్యాహ్నం సుత్తి తీసుకుని నేనే వెళ్ళి తీగకి కొట్టిన మేకులు పీకడం మొదలుపెట్టాను. పనివాళ్ళని పిలవబుద్ధి కాలేదు. కాసేపటికి లాయిడ్ వచ్చి గుంజలు పీకాడు. ఎవేలియో వచ్చి తీగ చుట్టాడు. తర్వాత టాలివర్ వచ్చి, సాయం చేయకుండా, దర్జాగా ఒక బల్ల మీద కూర్చున్నాడు.

"చెయ్యి వేయరా?"

"కంచె మీ ఆస్తి కదండీ. నేను ముట్టుకోకూడదు. ఆ ఎడమ పక్కది ఇంకా ఊడలేదు చూడండి."

ఆ బల్లల మీద కూర్చున్న మొదటి మనిషి టాలివరే. వెళ్ళిపోతానన్న మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పోతూ పోతూ మాత్రం, "రేపటి నుంచి మీ వాడు బెంచీ మీదే" అన్నాడు. "నాకెందుకు చెప్తున్నారు?" అన్నాను. గట్టిగానే అన్నాను.

గుంటలు పూడ్చాం. అక్కడ గడ్డి లేదు, మట్టి పట్టీలా కనిపిస్తోంది.

ఆగస్టు 3

గెలిచాం. క్రప్ బంతి దారి అడుగుతూనే ఉంది, వాళ్ళు లేపుతూనే ఉన్నారు, ఎవేలియో పట్టుకుంటూనే ఉన్నాడు.

ఆగస్టు 12

గెలిచాం.

ఆగస్టు 21

లాయిడ్ బెంచీ చివర కూర్చుని ప్రతి బ్యాటర్‌నీ గమనిస్తున్నాడు. ఎవడు ఎటు కొడతాడో కనిపెట్టి, భుజాన వేసుకున్న తువ్వాలు ఊపి ఎవేలియోకి చెబుతున్నాడు: ఎడమకి, కుడికి, ముందుకి. అవతలి కొస నుంచి టాలివర్ అది ఓరకంట చూస్తున్నాడు. నేనేమీ ప్రత్యేకంగా గమనించలేదు. కనిపించింది, అంతే.

ఆగస్టు 31

ఐదో స్థానం. హార్మన్ సిటీ వాళ్ళు మా జట్టుకి కొత్త పేరు కూడా వెతుక్కుంటున్నారట. వెతుక్కోనీ.

సెప్టెంబరు 5

రేపు ఆఖరి ఆట. మేమూ డెల్‌రోజూ నాలుగో స్థానం దగ్గర సమానం. గెలిచినవాళ్ళు నాలుగులో ఉంటారు. డెల్‌రోజ్ ఓడితే ఐదో స్థానంతో ఇంటికెళ్తుంది. మేము ఓడితే మాకు ఇల్లే ఉండదు.

చర్చిలో పాస్టరు ఏం చెప్పాడో ఒక్క ముక్క వినలేదు.

సెప్టెంబరు 7

నిన్న ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడు కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి నుంచీ రాస్తాను.

నిల్చోడానికి కూడా చోటు లేదు. డెల్‌రోజ్ జనం ఊరగాయ సీసాలతో సహా వచ్చారు. ఏడో ఇన్నింగ్స్‌దాకా వాళ్ళూ మేమూ తలా ఒక పరుగు. ఏడులో మాకు ఒకటి వచ్చింది. రెండు, ఒకటి.

ఎనిమిదిలో మావాళ్ళు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, ఇద్దరు అవుటయ్యారు. టాలివర్ లేచి, బెంచీ చివరికి వెళ్ళి, లాయిడ్ భుజం తట్టాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఊరంతా వాడి పేరు అరుస్తోంది. వాడు కొట్టాడు. ఆ చప్పుడు నాకు తెలుసు, వాడికి ఇరవై ఏళ్ళున్నప్పుడు వినిపించిన చప్పుడు అది. బంతి లేచింది, లేచింది, ఆ మట్టి పట్టీ మీదుగా వెళ్ళింది. వెనక పాత కంచెకి వీపు ఆనించి డెల్‌రోజ్ కుర్రాడు పట్టుకున్నాడు.

నేను తీసేసిన కంచె ఉండుంటే అది హోమ్ రన్. ఆట అక్కడితో మాదే. నా చేత్తో పీకాను ఆ మేకులు. లాయిడ్ సగం దారిలో ఆగి, ఆ కంచెవైపు ఒకసారి చూసి, తిరిగి నడిచాడు. సున్నం గీత దగ్గర ఎప్పటిలాగే కాలెత్తి దాటాడు. తొక్కితే దురదృష్టమని వాడికి ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న నేర్పాడు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ వాడు వెళ్ళి మొహం మాడ్చుకుని కూర్చోలేదు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. వాళ్ళలో ఇద్దరు అవుట్, ఇంకొక్కడు అవుటైతే ఆట మాదే, ఒకడు మాత్రం బేస్ మీద ఉన్నాడు. వాళ్ళలో అందరికన్నా బలమైనవాడు బ్యాట్ పట్టుకొచ్చాడు. జులైలో మా తీగ మీదుగా మూడు కొట్టినవాడు. లాయిడ్ బెంచీ మీద నుంచి లేచి, మెట్టెక్కి, తువ్వాలు ఊపాడు. వెనక్కి. ఎవేలియో నాలుగడుగులు వెనక్కి వెళ్ళాడు. లాయిడ్ ఇంకా ఊపుతున్నాడు. ఇంకా వెనక్కి. ముందంతా ఖాళీ అయిపోయింది. మా జనమే, "ఏం చేస్తున్నార్రా, పిచ్చా?" అని అరిచారు. టాలివర్ లాయిడ్‌ని ఆపలేదు.

క్రప్ విసిరాడు. అదే నెమ్మది. బ్యాట్ నుంచి అదే మోత. లాయిడ్ కొట్టిన చోటికే, గీత గీసినట్టు అదే దారిన బంతి వచ్చింది. ఎవేలియో మట్టి పట్టీ దాటాడు, చెక్క కంచె మీద ఒక చెయ్యి వేసుకున్నాడు, రెండో చెయ్యి పైకెత్తాడు.

పట్టుకున్నాడు.

నేను అరిచిన అరుపుకి పక్కావిడ టోపీ ఊడిపోయిందట. నాకు తెలీదు. మొదట లాయిడ్‌ని చూశాను. ఎవేలియో బంతి పట్టుకుని నేరుగా వాడి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు, ఇద్దరూ కింద పడ్డారు, మీద క్రప్ బొజ్జ.

జనం తగ్గాక గ్యాలరీ దిగి రెయిలింగు గేటుదాకా వెళ్ళాను. టాలివర్ మైదానంలో గీతకి అవతల నిలబడ్డాడు. పొగాకు కూడా నమలడం లేదు.

"ఓనరమ్మా, వచ్చే ఏడాది లాయిడ్‌ని నా పక్కన పెట్టుకుందామనుకుంటున్నా. కోచ్‌గా. మోకాళ్ళతో పని లేదు, కళ్ళు చాలు. మీరేమంటారు?"

సరేననే మాట నా నోటిదాకా వచ్చింది. నోరు తెరిస్తే ఆ మాటతో పాటు ఇంకా ఏమేమి వస్తాయో. ఆ మనిషి మొహం చూశాను. నిజంగానే అడుగుతున్నాడో, పరీక్షిస్తున్నాడో తెలియలేదు.

"గీతకి అవతలి సంగతి నన్నడక్కండి, టాలివర్ గారూ. జట్టు మీది."

"అదీ" అన్నాడు. అల్లం కొమ్ము చెయ్యి గీత మీదుగా చాపాడు. నేను గీతదాకా వెళ్ళి, ఇవతలే ఆగి, అందుకున్నాను.

ఇందాక చెప్పులు తిరగేసి చూసుకున్నాను. సున్నం అంటలేదు.

పైన లాయిడ్ లేచాడు. మెట్లు దిగుతున్నాడు. మోకాలు ప్రతి మెట్టుకీ చప్పుడు చేస్తోంది. కుళాయి తిప్పలేదు. ఈల కూడా వినపడుతోంది.